పిట్ట రాసిన పేజీలు

మా బావ మనిషి ముఖం చూసి మాట్లాడడు, మనిషి రాసిన కాగితం చూసి మాట్లాడతాడు. అందరూ ఆయన్ని రాతల మాస్టారు అంటారు. వాళ్ళింటి ముందుగదే ఆయన తరగతి. ఏటవాలు బల్లలు, గోడల నిండా అక్షరాల పటాలు, కిటికీ పక్కన ఆయన టేబులు, దాని మీద భూతద్దం, కోణాలు కొలిచే సామాను, పచ్చ సిరా పెన్ను. పిల్లల చేత అక్షరాలు దిద్దించడం ఆయన పనిలో సగం. మిగతా సగం, రాత చూసి ఆ మనిషి గుణం చెప్పడం. రెండు మూడు కంపెనీలు ఉద్యోగానికి వచ్చినవాళ్ళ చేత తలా ఒక పేజీ రాయించి ఈయనకు పంపేవి. ఈయన పచ్చ సిరాతో నాలుగు ముక్కలు రాసి పంపేవాడు. దాన్నిబట్టి ఎవడికో కొలువు కుదిరేది, పాపం ఎవడికో చేజారేది.

కాగితం చేతికి రాగానే ఆయన చేసే మొదటి పని దాన్ని తలకిందులుగా పెట్టడం. అలా పెడితే అక్షరాలు గీతలైపోతాయి, మాటలు కనపడవు. “మాటలు చదివామా, మోసపోయామన్నమాటే. ఎవడైనా నేను మంచివాణ్ణనే రాస్తాడు. గీత అలా రాయదు,” అనేవాడు. కొత్తగా వచ్చిన తల్లిదండ్రులు నోరు తెరుచుకుని వినేవాళ్ళు. తలకట్టు అక్షరానికి దూరంగా ఎగిరితే గర్వం. గుడి పూర్తిగా మూసుకుపోతే గుట్టు. లైను కిందికి జారితే దిగులు. సున్నా చుట్టిన తీరులో మనిషి నిజాయితీ మొత్తం ఉంటుందట.

నాది కోడి గెలికిన రాత. నేను కొరియర్ ఆఫీసు కౌంటర్లో పని చేస్తాను, నా రాత డెలివరీవాళ్ళకు తెలిస్తే చాలు. అక్క పెళ్ళయిన కొత్తలో బావ సరదాగా నా చేత ఒక పేజీ రాయించుకుని, తిప్పి చూసి, “నీకు నిలకడ లేదు, నోటికి అదుపు లేదు,” అన్నాడు. “దానికి భూతద్దం ఎందుకు బావా, నాతో అయిదు నిమిషాలు మాట్లాడితే సరిపోయేది కదా,” అన్నాను. అక్క నవ్వింది. ఆయన నవ్వలేదు.

పిట్ట వాళ్ళకు ఒక్కగానొక్క కూతురు. నెలలు నిండకుండా పుట్టి అరచేతిలో పట్టేంత ఉండేది. పిట్టా పిట్టా అని పిలవడం నేనే మొదలుపెట్టాను, ఆ పేరే ఉండిపోయింది. దాని అక్షరాలు ముత్యాలు. పదమూడో ఏట అది రాసిన పేజీకి బావ అద్దం కట్టించి తరగతి గోడకు తగిలించాడు. వచ్చినవాళ్ళందరికీ అదే చూపించి, “ఇది నా కూతురు. దాని మనసు ఇంత శుభ్రంగా ఉంటుంది,” అనేవాడు. ఆ మాట వింటూ పిట్ట తలుపు చాటున నిలబడి నాకు నాలుక చాపి చూపించేది.

ఆ ఇంట్లో ఒక పద్ధతుంది. సాయంత్రం తరగతి పిల్లలు వెళ్ళిపోయాక, ఇంట్లో ప్రతివాళ్ళూ ఒక పేజీ రాసి బావకు ఇవ్వాలి. ఏం రాసినా పర్వాలేదు, ఎలాగూ ఆయన చదవడు. అక్క మర్నాడు కొనాల్సిన సరుకులు రాసిచ్చేది. ఆయన గీతలు కొలిచి, మూల పచ్చ సిరాతో ఒక మాట రాసి, తారీకు వేసి బీరువాలో ఫైలు చేసి తాళం వేసేవాడు. ఒకరి పేజీ ఇంకొకరు చూడకూడదు. అది ఆయన నియమం. మనసు విప్పి గీయాలంటే గుట్టు ఉండాలని ఆయన వాదన.

పిట్టకు పదహారు నిండాక ఒక ఆదివారం పొద్దున బావ మా అక్కనూ నన్నూ కూర్చోబెట్టి, తన నియమం తనే పక్కన పెట్టి, పిట్ట రాసిన రెండు కాగితాలు ముందు పెట్టాడు. రెండూ తలకిందులుగానే ఉన్నాయి.

“ఇది పోయినేడాది రాసింది, ఇది నిన్న రాసింది. చూడండి. లైను మొదట్లో అక్షరం ఇంత ఉంది. చివరికొచ్చేసరికి చీమ తలకాయంత అయిపోయింది. గుళ్ళు మూసుకుపోయాయి. లైను కిందికి జారిపోతోంది. పిల్ల ఏదో దాస్తోంది.”

“అదేం దాస్తుందండీ? కడుపులో మాట పూటైనా ఆగదు దానికి,” అంది అక్క.

“అందుకే చెప్తున్నా. మాట వేరు, గీత వేరు. గీత అబద్ధం ఆడదు.”

ఆ సాయంత్రమే పిట్ట ఫోను బీరువాలోకి పోయింది. ఎదురు వీధిలోంచి దానితో కలిసి చదువుకోవడానికి వచ్చే స్నేహితురాలిని గుమ్మంలోంచే పంపించేశాడు. ఎవరితో మాట్లాడుతోంది, ఎక్కడికి పోతోంది, స్కూలు నుంచి ఇంటికి రావడానికి ఎందుకింత సేపు పట్టింది, అన్నీ ఆరాలే. పిట్ట ఆలస్యంగా వచ్చేది కాళ్ళు తడబడి నెమ్మదిగా నడవడం వల్ల. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

ఒక రోజు మేడమెట్ల మీద కూర్చోబెట్టి అడిగాను. “ఏమే, నిజం చెప్పు. ఎవడైనా ఉన్నాడా? ఉంటే నాకు చెప్పు, మీ నాన్న సంగతి నేను చూసుకుంటా.”

“ఎవరూ లేరు పిన్నీ. చెయ్యి తిరగట్లేదు.”

“తిరగకపోవడమేమిటి?”

“తెలీదు. పెద్దగా రాద్దామనుకుంటా, చిన్నగా వస్తోంది. నాన్నకు చెప్తే సాకులంటున్నారు.”

“గట్టిగా చెప్పు.”

“చెప్తూనే ఉన్నా పిన్నీ,” అంది, మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని.

నేను వెళ్ళి బావతో పోట్లాడాను. పిల్లకు ఒంట్లో బాగోలేదేమో, డాక్టరుకు చూపించండి అన్నాను. ఆయన సరేనని వీధి చివర డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాడు. ఆయనగారు నాడి పట్టుకుని, నాలుక చూసి, చదువుల ఒత్తిడి అని బలం మాత్రలు రాసిచ్చాడు. బావకు అదే కావాలి. “చూశావుగా, ఒంట్లో ఏమీ లేదని డాక్టరే అన్నాడు. ఉన్నదల్లా మనసులో ఉంది,” అన్నాడు నాతో. నాకు ఒళ్ళు మండిపోయింది గానీ డాక్టరు మాట మీద నేనేం మాట్లాడను?

ఆ తర్వాత వైద్యం ఆయనే మొదలుపెట్టాడు. వంకర గీతను సరిచేస్తే వంకర మనసు సరవుతుందని ఆయన నమ్మకం. పిట్ట చేత సున్నాలు చుట్టించేవాడు. పేజీ పేజీ సున్నాలు. సున్నా నలిగితే మళ్ళీ, లైను జారితే మళ్ళీ. అది కూర్చుని చుడుతుంటే పక్కన స్కేలు పట్టుకుని కొలుస్తుండేవాడు. చెయ్యి చేసుకోలేదు, కేకలు వెయ్యలేదు, ఆ మాట చెప్పుకోవాలి. కొట్టే మనిషైతే మేమెవరమో ఒకరం అడ్డం పడేవాళ్ళం. ప్రేమతో, ఓపికతో, కూతురి కోసం తన నిద్రాహారాలు మానుకుని చేశాడు ఆ పని.

పిట్టలో మార్పులు ఒక్కటొక్కటే వచ్చాయి. ఉన్నట్టుండి ఏడ్చేది. ఉన్నట్టుండి అరిచేది. చేతిలో గ్లాసు జారి పగిలిపోయేది. మాట ముద్దముద్దగా వచ్చేది. పరీక్షలో సగం పేపరు ఖాళీగా ఇచ్చి వచ్చింది. జరిగిన ప్రతిదానికీ బావ దగ్గర సమాధానం ఉండేది. ఏడిస్తే పశ్చాత్తాపం, అరిస్తే మొండితనం, గ్లాసు పగిలితే కోపం, మాట నలిగితే దొంగతనం దొరికిపోతుందన్న బెదురు. ఆయన లెక్కలో తప్పిన గీత ఒక్కటీ లేదు. అక్క మెల్లగా ఆ మాటలు నమ్మడం మొదలుపెట్టింది. “నాతో కూడా చెప్పదే అది, ఏం దాస్తోందో,” అని నా దగ్గర కళ్ళు ఒత్తుకుంది. నాకు ఇద్దరి మీదా చిర్రెత్తుకొచ్చింది.

ఒక పొద్దున పని మీద పోతూ వాళ్ళింట్లోకి తొంగి చూశాను. పిట్ట స్కూలు చొక్కా బొత్తాలు పెట్టుకుంటోంది. ఒక్క బొత్తాం దగ్గరే ఆగిపోయింది. వేళ్ళు దాని చుట్టూ తిరుగుతున్నాయి గానీ పట్టుకోవడం లేదు. నోటి మూలనుంచి చొంగ కారుతుంటే భుజానికి తుడుచుకుని, నన్ను చూసి సిగ్గుపడి మొహం తిప్పుకుంది. పదిహేడేళ్ళ పిల్ల.

“పద,” అని చెయ్యి పట్టుకున్నాను.

బావ గుమ్మానికి అడ్డంగా వచ్చాడు. “ఎక్కడికి? ఇప్పుడిప్పుడే దారికొస్తోంది. నువ్వు మధ్యలో వేలు పెట్టి చెడగొట్టకు.”

“తప్పుకోండి బావా. తప్పుకోకపోతే తోసుకుని పోతా. నాకు నిలకడ లేదని మీరే కదా చెప్పారు.”

అక్క లోపలికి వెళ్ళి పిట్ట చెప్పులు తెచ్చి, కింద కూర్చుని తొడిగి, తనూ మాతో బయల్దేరింది.

పెద్దాసుపత్రిలో నరాల డాక్టరు ఒక ఆడమనిషి, నాకంటే చిన్నదే. పిట్ట చేత ముక్కు ముట్టించింది, గీత వెంట నడిపించింది, ఒక లైను రాయించింది. ఆ లైను వంక ఒక్క క్షణం చూసి కాగితం పక్కన పెట్టేసి, లేచి పిట్ట కళ్ళలోకి లైటు వేసింది. మమ్మల్ని కంటి గదికి పంపింది, రక్తం తీయించింది. కంటి గది పరికరంలో చూస్తే నల్లగుడ్డు అంచు చుట్టూ గోధుమరంగు వలయం ఉందట. తిండిలో ఉండే రాగి ఒంట్లోంచి బయటికి పోవడంలేదు, కాలేయంలోనూ మెదడులోనూ పేరుకుపోయింది అని చెప్పింది. పుట్టుకతో వచ్చే జబ్బు. దీనికి మందుంది, బతికినన్నాళ్ళూ వాడాలి. మొదట్లోనే మొదలుపెడితే చాలామంది మామూలుగా చదువుకుంటారు, ఉద్యోగాలు చేస్తారు.

“మరి మా పిల్లకు?” అంది అక్క.

“మొదలై ఎన్నాళ్ళయిందో తెలియాలమ్మా. ఎప్పుడు, ఏం చూశారు మొదట?”

అక్క నా వంక చూసింది. నేను బావ వంక చూశాను. ఆయన అప్పటికి వచ్చి తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

“నా దగ్గర ఉన్నాయి. రోజువారీ. తారీకులతో సహా,” అన్నాడు.

మర్నాడు ఫైళ్ళు మోసుకొచ్చాడు. డాక్టరు ఒక్కొక్క పేజీ బల్ల మీద వరసగా పరిచింది. ముత్యాలంతటి అక్షరాలు కొంచెం కొంచెంగా కుంచించుకుపోతూ, చివరికి గింజలైపోయాయి. “ఏ పేషెంటు దగ్గరా నేనిలాంటి రికార్డు చూడలేదు. మా పెద్ద డాక్టర్లు కూడా ఇంత తొందరగా కనిపెట్టలేరు. మీరు మొదటి నెలలోనే చూశారు,” అంది. బావ భుజాలు కాస్త నిటారుగా అయ్యాయి. నేను చూశాను. ఆ మనిషి మీద నాకు అంత అసహ్యం ఎన్నడూ పుట్టలేదు.

ఆ తర్వాత డాక్టరు ఒక పేజీ దగ్గర ఆగిపోయింది. ఆవిడకు బావలా తలకిందులుగా చూసే అలవాటు లేదు కదా, కాగితాన్ని తిన్నగా పట్టుకుంది. పెదవులు కదిలాయి. ఇంకో పేజీ తీసింది. ఇంకోటి తీసింది. ఆవిడ మొహం మారిపోయింది.

“ఇవి మీరు చదవలేదా?”

“అన్నీ చూశాను డాక్టరుగారూ. ఒక్కటి కూడా వదల్లేదు.”

“చదివారా అని అడుగుతున్నాను.”

డాక్టరు పైకి చదివింది. గొంతు పెంచలేదు, తగ్గించలేదు.

“నాన్నా, ఇవాళ పెన్ను జారిపోయింది. నేను కావాలని చెయ్యలేదు.”

“నాన్నా, పెద్దగా రాద్దామంటే చిన్నగా వస్తోంది. ఎందుకో తెలీదు. నాకు భయంగా ఉంది.”

“నాన్నా, నేను ఎవరితోనూ మాట్లాడట్లేదు. నేను అబద్ధం చెప్పట్లేదు. చెయ్యి నా మాట వినట్లేదు. నోటితో చెప్తే సాకులంటున్నారని ఇందులో రాస్తున్నా. ఒక్కసారి తిప్పి చదవండి.”

భయంగా ఉందని రాసిన పేజీ మూల పచ్చ సిరాతో బావ రాసిన మాట ఉంది. ‘మొండితనం.’ డాక్టరు వేలు ఆ మాట మీద ఆగింది. ఆవిడ దాన్ని పైకి చదవలేదు.

అలాంటి పేజీలు చాలా ఉన్నాయి. ఒక తారీకు దాటాక అవి ఆగిపోయాయి. ఆ తర్వాత పేజీల నిండా పిట్ట తన పాఠం పుస్తకంలో వాక్యాలు ఎక్కించింది. నదులు ఎక్కడ పుడతాయి, ఇనుముకు తుప్పు ఎందుకు పడుతుంది. అడగడం మానేసిందన్నమాట ఆ పిల్ల.

“జబ్బు రావడం మీ తప్పు కాదండీ,” అంది డాక్టరు బావతో. తర్వాత మాట వెతుక్కుంది, దొరకలేదు, కాగితాలు సర్దింది. అక్క ఆ కాగితాలు లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది. ఇంటికి వస్తూ కారులో దారి పొడుగునా ఒక్కొక్కటే చదువుతూ వచ్చింది. బావ ముందు సీట్లో కూర్చున్నాడు. అక్క ఆయన్ని ఒక్క మాట అనలేదు. ఆరోజు నుంచి ఆయనతో ‘అన్నం పెట్టాను, మందులు తేవాలి’ తప్ప వేరే మాట లేదు. నేనైతే తిట్టాను. నోటికొచ్చినట్టు, వీధిలో వాళ్ళు వినేట్టు తిట్టాను. ఆయన తల దించుకుని విన్నాడు. తిట్టడం అయ్యాక నాకేమీ తేలికపడలేదు.

మందులు పనిచేశాయి. అంటే, అవి పట్టేలోపు ఇంకాస్త ముదిరి, జబ్బు అక్కడ ఆగింది. పోయినవాటిలో కొన్ని వెనక్కి వచ్చాయి, కొన్ని రాలేదు. పిట్ట గోడ పట్టుకుని నడుస్తుంది. మింగగలుగుతుంది. చెయ్యి పెన్ను పట్టదు. మాట గొంతులోంచి శబ్దంగా వస్తుంది గానీ పదంగా రాదు. బుద్ధి మాత్రం ఎక్కడా చెక్కు చెదరలేదని డాక్టరు చెప్పింది. అది మంచి వార్తేనని ఆవిడ ఉద్దేశం. కావచ్చు. అంతా తెలుస్తూ అలా కూర్చుని ఉండడం ఎలా ఉంటుందో నేను ఊహించను, ఊహిస్తే ఆ రోజు కౌంటర్లో కూర్చోలేను.

బావ తరగతి మూసేశాడు. బల్లలు అమ్మేశాడు, పటాలు దించేశాడు. ఇంకా కొందరు పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తారు. ఒకావిడ కొడుకు నోటుపుస్తకం చూపించి, వీడి రాత చూసి వీడి బుద్ధి చెప్పండి మాస్టారూ అని బతిమాలింది. వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడండమ్మా అని ఈయన తలుపు వేసేశాడు. ఆవిడ ఈయన్ని గర్విష్ఠి అని తిట్టుకుంటూ పోయింది.

మాట నేర్పించే అమ్మాయి ఒకతె వారానికోసారి వస్తుంది. ఆ అమ్మాయి పిట్టకు ఒక పలక లాంటి అట్ట ఇచ్చింది. దాని మీద గళ్ళు, గళ్ళలో అచ్చు అక్షరాలు, పైవరసలో నీళ్ళు, నొప్పి, చాలు, ఉంది, లేదు అని పదాలు. పిట్ట వేలు పెట్టి చూపిస్తే మేం అర్థం చేసుకోవాలి. వేలు వణుకుతుంది, గడి చేరేసరికి సేపవుతుంది, కానీ చేరుతుంది. మొదటిసారి అది ఆ అట్ట మీద నన్ను తిట్టింది. పిన్నీ నీ జడ బాలేదు అని. నేనూ అక్కా ఏడుస్తూ నవ్వాం.

బావ ఆ అట్ట దగ్గరకు చాలా రోజులు రాలేదు. దూరంగా కుర్చీ వేసుకుని చూసేవాడు. ఒక మధ్యాహ్నం, నేను పిట్ట పక్కన ఉండగా, కుర్చీ దగ్గరగా జరుపుకున్నాడు. మనిషి సగమైపోయాడు. గడ్డం మాసిపోయి ఉంది.

“అమ్మా,” అన్నాడు. “నా మీద కోపం ఉందామ్మా?”

పిట్ట ఆయన మొహంలోకి చూసింది. తర్వాత చెయ్యి లేచింది, గాల్లో వణికింది, అట్ట మీద పైవరసకు పోయింది. వేలు ‘లేదు’ మీద ఆగింది.

బావ రెండు చేతులతో మొహం కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. “నాకు తెలుసమ్మా. నీ మనసు నాకు తెలుసు,” అన్నాడు. దాని తల నిమిరి, కళ్ళు తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్ళాడు. “దానికి నా మీద కోపం లేదుట. అదే చెప్పింది,” అని అక్కతో చెప్తున్న మాట వినపడింది.

పిట్ట వేలు అట్ట మీదే ఉంది. మెల్లగా జరిగింది. పక్క గడి ‘ఉంది’ మీదికి వెళ్ళింది. వణుకు వల్ల జారిందనుకుని నేను దాని మణికట్టు పట్టుకుని చెయ్యి ఒళ్ళో పెట్టాను. అది మళ్ళీ చెయ్యి ఎత్తింది. ఎత్తడానికి మెడ నరాలు బిగుసుకున్నాయి. తెచ్చి తెచ్చి మళ్ళీ ఆ గడి మీదే పెట్టి, గోరు తెల్లబడేదాకా నొక్కింది. తల తిప్పి వంటింటి వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది.

లోపల బావ ఇంకా చెప్తున్నాడు. అక్క వింటోందో లేదో తెలియదు.

“మీ నాన్నకు చెప్పన్లేవే,” అన్నాను.

అప్పుడు వేలు తీసింది.